విల్లు ఎవరికి పడింది?

నాలుగేళ్ల కిందట ఒక రాత్రి ఆన్‌లైన్ గేమ్ మూసేస్తుంటే తెర మీద సర్వే ఒకటి ప్రత్యక్షమైంది. "రివార్డ్‌లతో మీరు ఎంత సంతృప్తిగా ఉన్నారు?" అని ప్రశ్న, కింద అయిదు నక్షత్రాలు, ఆ కింద రెండొందల అక్షరాలు పట్టే పెట్టె. అప్పటికే చిరాగ్గా ఉన్నాను. ఒక్క నక్షత్రం నొక్కి, పెట్టెలో "రివార్డ్‌లు మరీ దరిద్రంగా ఉన్నాయి" అని కొట్టి పడుకున్నాను.

నేను రాసింది పచ్చి అబద్ధం. ఆ సీజన్ మొత్తంలో మా గిల్డ్‌కి, అంటే ఆటలో కలిసి ఆడే మా జట్టుకి, దక్కిన మంచి రివార్డ్ ఆ రాత్రే దక్కింది. మూడు వారాలుగా మమ్మల్ని చావగొడుతున్న బాస్, అంటే పెద్ద రాక్షసుడు, ఎట్టకేలకు చచ్చాడు. అంతకుముందు రెండుసార్లు రెండు శాతం ప్రాణం మిగిలి ఉండగా మేమే చచ్చాం. వాడి దగ్గర నుంచి ఒక విల్లు పడింది. అప్పటిదాకా సర్వర్‌లో దాన్ని ఇద్దరి ముగ్గురి చేతుల్లోనే చూశాం.

మా రెయిడ్‌లో, అంటే బాస్ మీదికి కలిసి వెళ్లే గుంపులో, హంటర్ (విలుకాడు) ఒకతను ఉండేవాడు. ఏడు నెలలుగా ఒక్క వారం మానలేదు. ఆ బాస్ ఫైట్‌లో అతనికి అప్పజెప్పిన పని ఎవరూ కోరి తీసుకునేది కాదు. పక్కనుంచి గుంపుగా వచ్చే చిల్లర జీవాల్ని తన వెంట తిప్పుకుంటూ గది చుట్టూ పరిగెత్తాలి. బాస్ మీద ఒక్క బాణం వేసే తీరిక ఉండదు. ఫైట్ అయ్యాక ఎవరు బాస్‌ని ఎంత కొట్టారో చూపించే డ్యామేజ్ చార్ట్ తీస్తే అతని పేరు అట్టడుగున ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఆ చార్ట్ చూసి "ఈయన నిద్రపోతున్నాడా?" అని అడిగిన సందర్భాలూ ఉన్నాయి. అతను పరిగెత్తకపోతే మిగతా పందొమ్మిది మందిమీ నిమిషంలో నేల మీద ఉంటాం.

విల్లు పడగానే గేమ్ తనంతట తనే పాచిక వేసింది. మా హంటర్‌కి 31 వచ్చింది. రెండు రోజుల కిందట చేరిన ఒకాయనకి 88. విల్లు అక్కడికక్కడే ఆయన ఖాతాకి కట్టుబడిపోయింది. ఇవ్వాలన్నా ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. వాయిస్ చాట్‌లో ఒక అరక్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా హంటరే అన్నాడు: "సర్లే అన్నా, పర్లేదు. వచ్చే వారం చూద్దాం."

వచ్చే వారం ఆలస్యంగా వచ్చాడు. ఆ తర్వాతి వారం రాలేదు. నెల తిరిగేసరికి గిల్డ్ జాబితాలో అతని పేరు బూడిదరంగులో ఉండిపోయింది. విల్లు దొరికినాయన కూడా ఎక్కువ రోజులు ఉండలేదనుకోండి, అది వేరే కథ.

ఇప్పుడు ఆ సర్వే సంగతి. గేమ్ నడిపేవాళ్ల చేతికి అందింది ఒక నక్షత్రం, "దరిద్రం" అనే మాట. నాలాంటివాళ్లు ఇంకో వెయ్యి మంది అదే కొట్టి ఉంటే వాళ్లు ఏం చేస్తారు? రివార్డ్‌లు పెంచుతారు. నిజంగానే పెంచారు. తర్వాతి ప్యాచ్‌లో, అంటే ఆటకి చేసే మార్పుల విడతలో, ప్రతి బాస్ దగ్గరా ఒక వస్తువు అదనంగా పడేట్టు చేశారు. మా గిల్డ్‌లో అది ఎవరికీ గుర్తు కూడా లేదు.

చాలా ఏళ్లు రకరకాల గిల్డ్‌లలో ఉండి, వాటిలో రెండేళ్లు గిల్డ్ నడిపే ఆఫీసర్‌గా వెట్టిచాకిరీ చేసిన మీదట నాకు అర్థమైంది ఇది: రివార్డ్ తక్కువైందని ఆటగాడు అన్నప్పుడు నూటికి తొంభైసార్లు అతను వేరే దేని గురించో చెబుతున్నాడు. (ఈ తొంభై నా అనుభవం కొద్దీ వేసిన కాకిలెక్క, ఎవరూ ఎక్కడా వాడకండి.) ఆ వేరేదాన్ని వినకుండా కంపెనీలు గిల్డ్‌లలోకి రివార్డ్‌లు కుమ్మరించిన ప్రతిసారీ గిల్డ్ కాస్త ఆఫీసులా మారుతోంది.

*

లూట్, అంటే చచ్చిన బాస్ దగ్గర పడే వస్తువులు, పంచుకోవడం అనే తలనొప్పి కొత్తది కాదు. 1999లో ఎవర్‌క్వెస్ట్ అనే ఆన్‌లైన్ ఆట వచ్చిన ఏడాదే అక్కడి ఆటగాళ్లు దీనికి ఒక లెక్క కనిపెట్టారు. పదుల మంది కలిసి ఒక డ్రాగన్‌ని చంపితే నాలుగు వస్తువులు కూడా పడవు. అందుకని వచ్చినవాళ్లందరికీ హాజరుకు పాయింట్లు రాసి, వస్తువు పడినప్పుడు ఆ పాయింట్లతో కొనుక్కోమన్నారు. ఆ ఆటలోని రెండు డ్రాగన్ల మీద పెట్టిన పేరే డీకేపీ, అంటే డ్రాగన్ కిల్ పాయింట్లు. గేమ్‌లో ఎక్కడా లేని కరెన్సీ ఇది. ఏ కంపెనీ ముద్రించలేదు. దాని విలువంతా పక్కవాడి మాట మీద నిలబడి ఉంది. 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆట వచ్చి నలభై మంది రెయిడ్‌లు మొదలయ్యాక ఆ లెక్క ప్రపంచమంతా పాకింది.

మా గిల్డ్‌లో ఆ పాయింట్లు రాసే షీట్ నా దగ్గర ఉండేది, ఇంకో ఆటలో, విల్లు గొడవకి ముందు. మొదట్లో నాలుగు నిలువు గళ్లు: పేరు, హాజరు, ఖర్చు, మిగులు. ఏడాది తిరిగేసరికి పదకొండయ్యాయి. పది నిమిషాలు ఆలస్యమైతే రెండు పాయింట్లు కోత. చోటు లేక బయట కూర్చున్నవాళ్లకి సగం పాయింట్లు. ఈ సగం అనే గడి మీద రెండు రాత్రులు కొట్టుకున్నాం. "నేను బయట కూర్చుంది నా ఇష్టంతో కాదు, మీరు కూర్చోబెడితే" అన్నాడు ఒకాయన. నిజమే కదా! సగాన్ని పూర్తి చేశాం. చివరి గడి పేరు "వ్యాఖ్యలు". ఎవరికైనా పరీక్షలున్నాయని, ఇంట్లో ఒంట్లో బాగాలేదని, ఇంటర్నెట్ పోయిందని అందులో రాసుకునేదాన్ని. తర్వాత ఎప్పుడో చూస్తే షీట్ మొత్తంలో చదవదగ్గది ఆ ఒక్క గడే.

ఆ పద్ధతి స్వర్గమని చెప్పడం లేదు. పాయింట్లు దాచుకుని దాచుకుని ఒక్కసారి ఖర్చుపెట్టే పిసినార్లుండేవాళ్లు. కొత్తవాళ్లకి నెలల తరబడి ఏమీ దక్కేది కాదు. కొన్ని గిల్డ్‌లలో పాయింట్లు తీసేసి అయిదుగురు పెద్దలు కూర్చుని ఎవరికి ఏది అవసరమో తేల్చేవాళ్లు. లూట్ కౌన్సిల్ అంటారు. ఆ అయిదుగురిలో ఒకరి స్నేహితుడికి కత్తి దక్కిందంటే ఆ రాత్రికి గిల్డ్ రెండుగా చీలినట్టే. పంచే అధికారం చేతిలో ఉన్న నాయకుడు వస్తువులన్నీ మూటగట్టుకుని ఉడాయించిన ఉదంతం ప్రతి సర్వర్‌కీ ఒకటుంటుంది. నన్ను కూడా పక్షపాతం అన్నారు. ఒకసారి అన్నది సరైనదే.

ఈ గొడవలు చూసి 2018లో వార్‌క్రాఫ్ట్ వాళ్లు ఆ అధికారాన్ని తీసేశారు. నాయకుడే వస్తువులు పంచే మాస్టర్ లూట్ అనే పద్ధతి పోయి, ఎవరికి ఏం దక్కాలో గేమే నేరుగా ఎవరికి వారికి ఇచ్చేసే పద్ధతి మిగిలింది. దొరికిన వస్తువు నీ దగ్గరున్నదానికంటే ఉన్నత స్థాయిదైతే, నీకు అక్కర్లేకపోయినా పక్కవాడికి ఇవ్వడానికి వీలుండేది కాదు. మోసం తగ్గింది, నిజమే. కానీ "నాకొద్దు, నువ్వు తీసుకో" అనే మాటకీ తలుపు మూసేశారు. గిల్డ్‌లో నేను విన్న మాటలన్నిటిలోకీ ఖరీదైన మాట అది. రెయిడ్ గిల్డ్‌లు మొత్తుకున్నాయి. నాలుగేళ్ల తర్వాత, 2022లో వచ్చిన డ్రాగన్‌ఫ్లైట్ అనే కొత్త భాగంతో రెయిడ్‌లలో గ్రూప్ లూట్ (పడిన వస్తువుకి కావలసినవాళ్లు పాచిక వేసుకునే పద్ధతి) మళ్లీ తెచ్చారు. తేగానే ఇంకో వర్గం మొత్తుకుంది: ముక్కూ మొహం తెలియనివాళ్లతో రెయిడ్‌కి వెళ్లేవాళ్లు. వాళ్లకి పాత పద్ధతే భద్రంగా ఉండేది. వాళ్ల మాటా తప్పు కాదు.

"ఆటగాళ్లు ఏం కోరుతున్నారు?" అనే ప్రశ్నే నాకు అందుకే వింతగా తోస్తుంది. ఏ ఆటగాళ్లు? నలభై మంది తెలిసినవాళ్ల మధ్య ఉన్నవాడికి పంచుకునే హక్కు కావాలి. నలుగురు అపరిచితుల మధ్య ఉన్నవాడికి పంచుకోకుండా రక్షణ కావాలి. ఇద్దరూ సర్వేలో నొక్కేది ఒకే నక్షత్రం.

*

రివార్డ్‌ల మీద వచ్చే ఫిర్యాదు అంకె గురించి కాదనడానికి గేమ్‌ల చరిత్రలో నాకు బాగా నచ్చిన కథ ఒకటుంది. వార్‌క్రాఫ్ట్ ఇంకా పరీక్ష దశలో ఉన్నప్పుడు, ఎక్కువసేపు ఆడినవాళ్లకి పాత్ర స్థాయిని పెంచే అనుభవ పాయింట్లు సగానికి పడిపోయేట్టు పెట్టారు. జనం రోజంతా దానికే అతుక్కుపోకూడదని. ఆటగాళ్లు భగ్గుమన్నారు, మా కష్టాన్ని కోసేస్తున్నారని. డిజైనర్లు అప్పుడు ఆ లెక్కనే తిరగేసి చెప్పారు. ఆట బయట విశ్రాంతి తీసుకుని వచ్చినవాడికి రెండింతలు వస్తాయి, ఆ విశ్రాంతి అయిపోయాక మామూలుగా వస్తాయి అన్నారు. ముందు "పూర్తి, సగం" అన్నది ఇప్పుడు "రెండింతలు, మామూలు" అయింది. నిష్పత్తి అదే. గొడవ చల్లారింది, ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది.

దీన్ని చాలామంది "జనాన్ని ఎంత తేలిగ్గా బుట్టలో వేయొచ్చో చూడండి" అని చెబుతారు. నాకలా అనిపించదు. మొదటి పద్ధతిలో గేమ్ నిన్ను శిక్షిస్తోంది, రెండోదాంట్లో పలకరిస్తోంది. మనిషికి ఆ తేడా ముఖ్యం. ఫిర్యాదు చేసినవాళ్లు సగం గురించే మాట్లాడారు గానీ, వాళ్లకి నొప్పి పుట్టింది "నువ్వు తప్పు చేస్తున్నావు" అన్నట్టున్న ఆ చూపు దగ్గర.

వ్యతిరేక దిశలో నడిచిన కథ 2017 నవంబరులో జరిగింది. స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 అనే ఆట విడుదలకు ముందు, డార్త్ వేడర్‌ లాంటి పాత్రని తెరవాలంటే ఆటలో సంపాదించే క్రెడిట్లు 60,000 కావాలని ఆటగాళ్లు గమనించారు. డబ్బు పెట్టి కొన్న ఆటలో ఆ పాత్ర కోసం పదుల గంటలు గొడ్డుచాకిరీ చేయాలా అని అడిగారు. కంపెనీ నుంచి వచ్చిన జవాబు, పాత్రని సాధించుకోవడంలోని గర్వాన్ని ఆటగాళ్లకి ఇవ్వడమే మా ఉద్దేశం అనే ధోరణిలో సాగింది. రెడిట్ అనే చర్చా వేదికలో ఆ వ్యాఖ్యకి ఆరు లక్షలకు పైగా డౌన్‌వోట్లు (నచ్చలేదనే ఓట్లు) పడ్డాయి. వెంటనే ధర 15,000కి దించారు. ముప్పావు వంతు తగ్గింపు! కానీ అదే సమయంలో కథా భాగం పూర్తి చేస్తే వచ్చే బహుమతిని కూడా 20,000 నుంచి 5,000కి దించారని జనం కనిపెట్టేశారు. అంకె అడిగారు, అంకె ఇచ్చారు, కోపం ఇంకా పెరిగింది. చివరికి విడుదలకి ముందురోజు గేమ్ లోపలి అమ్మకాలన్నీ ఆపేయాల్సి వచ్చింది. మొదటి రోజే "మీరు మా సమయానికి ఏ విలువ కడుతున్నారు?" అన్న ప్రశ్న విని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో.

*

ఇక గిల్డ్‌లకి రివార్డ్‌లు ఇవ్వడం. ఇది మంచి ఆలోచనలా కనిపిస్తుంది, నేనూ ఒకప్పుడు దీన్నే అడిగాను. జనం కలిసి ఆడాలి కదా, కలిసి ఆడితే ఏదైనా ఇవ్వండి!

2010 డిసెంబరులో వచ్చిన కాటక్లిజమ్ అనే కొత్త భాగంతో వార్‌క్రాఫ్ట్ గిల్డ్‌లకి లెవెల్స్ పెట్టింది, మొత్తం 25. సభ్యులు ఆడేకొద్దీ గిల్డ్ లెవెల్ పెరుగుతుంది, పెరిగేకొద్దీ అందరికీ లాభాలు: అనుభవం పది శాతం ఎక్కువ, చచ్చినవాళ్లందరినీ ఒకేసారి లేపే మంత్రం, ఇలాంటివి. కాగితం మీద ఎంత బాగుందో! జరిగిందేమిటంటే, లెవెల్ వేగంగా పెరగాలంటే మనుషులు ఎక్కువ కావాలి. దారిన పోయే ప్రతి పాత్రకీ అడగకుండానే గిల్డ్ ఆహ్వానాలు రావడం మొదలైంది. వందల మంది సభ్యులు, ఒకరి పేరు ఒకరికి తెలియదు. ఎనిమిది మంది స్నేహితులు కలిసి పెట్టుకున్న చిన్న గిల్డ్ మాత్రం లెవెల్ రెండు దగ్గర నత్తనడక నడుస్తోంది. అలాంటివాటిలో చాలా వరకు పెద్ద గిల్డ్‌లలో కలిసిపోయాయి, లేదంటే మూతపడ్డాయి. పోనీ పెద్ద గిల్డ్ నచ్చలేదు, వదిలేద్దామంటే సంపాదించుకున్న పేరు కొత్త గిల్డ్‌లో మళ్లీ సున్నా నుంచి మొదలు. ఉండటానికి కారణం మనుషులు కాకుండా లాభాలయ్యాయి. 2014లో ఆ లెవెల్స్ మొత్తం ఎత్తేశారు. మంచి నిర్ణయమే గానీ, ఆ నాలుగేళ్లలో చెదిరిపోయిన చిన్న గిల్డ్‌లు తిరిగి రాలేదు.

గిల్డ్ వార్స్ 2 అనే ఇంకో ఆటలోనూ ఇలాంటి తంతే ఒకటి జరిగింది. 2015లో గిల్డ్ హాళ్లు వచ్చాయి, చూడటానికి అద్భుతంగా ఉన్నాయి. వాటిని బాగు చేసుకోవడానికి కావలసిన సామగ్రి లెక్క మాత్రం వందల మంది ఉన్న గిల్డ్‌ని దృష్టిలో పెట్టుకుని వేసింది. అయిదుగురున్న గిల్డ్ అంత సామగ్రి పోగేయాలంటే తరాలు పడుతుంది. పెద్దవాళ్లకి ఇల్లు, చిన్నవాళ్లకి ఇంటి ఫొటో.

మొబైల్ ఆటల్లో ఈ వ్యవహారం ఇంకా ముదిరింది. క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో ఒక క్లాన్‌కి, అంటే అక్కడి గిల్డ్‌కి, గరిష్ఠంగా 50 మంది. క్లాన్ గేమ్స్ అనే ఉమ్మడి పోటీలో సాధారణంగా ఒక్కొక్కరు 4,000 పాయింట్ల వరకు తేవచ్చు, క్లాన్ మొత్తానికి పై మెట్టు 50,000. లెక్క కట్టండి: పదమూడు మంది గట్టిగా ఆడితే చాలు, మిగతావాళ్లు కుదిరినంత ఆడితే సరిపోతుంది. మనిషికి హద్దు పెట్టడం నిజానికి చాలా తెలివైన పని, ఒక్కడే అంతా మోయలేడు, ఒక్కడు రాకపోయినా కొంప మునగదు. అయినా ఎన్ని క్లాన్‌ల వివరణలో చూశాను, "తలా 1,000 తప్పనిసరి, లేదంటే గెంటేస్తాం" అని! యాభైని వెయ్యితో హెచ్చవేసి చూస్తే ఆ రూలు ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. గేమ్ ఇచ్చిన వెసులుబాటుని నాయకుడు హాజరు పట్టీగా మార్చేశాడు. నాయకుడిని తిట్టాలనిపిస్తుంది గానీ, అతని ఎదుట కూడా ఒక అంకె మెరుస్తోంది కదా.

అదే ఆటలో సైన్యాన్ని దానం చేసే పద్ధతి కూడా చూడండి. నువ్వు అడిగితే క్లాన్‌లో ఎవరో తమ సైన్యం పంపిస్తారు. చక్కటి ఏర్పాటు, ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య ఒక తీగ కడుతుంది. కానీ ఎవరు ఎంత ఇచ్చారో జాబితాలో పేరు పక్కనే అంకె కనిపిస్తుంది. ఆ అంకె బాగుంటేనే "ఎల్డర్" అనే పై హోదా ఇస్తామని నాయకులు అంటారు. ఇంకేముంది, డ్రాగన్ అడిగినవాడికి ఆర్చర్లు వచ్చి పడేవి. అడిగినవాడి అవసరం తీరేది కాదు, ఇచ్చినవాడి అంకె మాత్రం పెరిగేది. ఎవరూ చెడ్డవాళ్లు కారు. కొలిచేది ఏదో అది పెరుగుతుంది, అంతే.

1973లో అమెరికాలో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు, లెపర్, గ్రీన్, నిస్బెట్, నర్సరీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వేయడం ముందే ఇష్టమున్న పిల్లల్ని తీసుకుని, కొందరికి "వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు, కొందరికి అసలు ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత మామూలు ఆటల వేళలో గమనిస్తే, ముందే మాట తీసుకుని వేసిన పిల్లలు మిగతా రెండు గుంపులవాళ్లకంటే తక్కువసేపు రంగుల జోలికి వెళ్లారు. నేను దీన్ని చదవడానికి ముందే మా గిల్డ్‌లో చూశాను.

మాలో ఒకావిడ హీలర్‌గా (దెబ్బతిన్నవాళ్లని బాగుచేసే పాత్ర) ఆడేవారు. మంగళవారం రాత్రుళ్లు కొత్తవాళ్లని చిన్న డంజన్‌కి, అంటే రాక్షసులుండే నేలమాళిగకి, తీసుకెళ్లి నేర్పేవారు. ఎవరూ ఆమెకి చెప్పలేదు, ఒకసారి మొదలుపెట్టారు, అలా నడిచింది. ఆమె పద్ధతి నాకు చాలా ఇష్టం. మొదటిసారి అందరినీ చచ్చిపోనిచ్చేవారు. "ఇప్పుడు చెప్పండి, ఎందుకు చచ్చాం?" అని అడిగేవారు. ఎవరో ఒకరు "నేను ముందుకెళ్లానండీ" అనేవాళ్లు. "ఆ, మళ్లీ వెళ్దాం పదండి." గంట పట్టేది ఇరవై నిమిషాల డంజన్‌కి.

తర్వాత ఒక ప్యాచ్‌లో "గురువు" అనే హోదా వచ్చింది. కొత్తవాళ్లని డంజన్ దాటిస్తే తలా ఇన్ని పాయింట్లు, వాటితో మెరిసే గుర్రం. మంచిదే కదా, ఇన్నాళ్లు ఉచితంగా చేసినదానికి గుర్తింపు వచ్చిందని మేమంతా ఆమెని అభినందించాం. రెండు వారాల్లో మా గిల్డ్‌లోనే పదహారు మంది గురువులు తేలారు. అందరూ కొత్తవాళ్ల కోసం వెతుకులాట. దొరికినవాళ్లని వెంట వేసుకుని, వాళ్లని గుమ్మం దగ్గర నిలబెట్టి, లోపలివన్నీ తామే చంపేసి ఎనిమిది నిమిషాల్లో బయటికి తెచ్చేవాళ్లు. కొత్తవాళ్లు కూడా అదే కావాలనుకున్నారు, తప్పేముంది. ఆమె మంగళవారానికి ఒకసారి ఇద్దరు వచ్చారు. ఆ తర్వాతి వారం ఎవరూ రాలేదు. ఎందుకు మానేశారని అడిగితే "ఎవరికి టైముందండీ ఇప్పుడు" అన్నారు. ఆమెకి ఆ గుర్రం కూడా రాలేదు, పాయింట్లు సరిపోలేదు.

ఆ పదహారు మంది గుర్రాలూ మా గిల్డ్ ముంగిట్లో వరసగా నిలబడి ఉండేవి. వాళ్లు దాటించిన కొత్తవాళ్లలో ఒక్కరికి కూడా ఎప్పుడు వెనక్కి తగ్గాలో తెలియదు.

*

అయితే రివార్డ్‌లే వద్దంటారా అంటే, అంత మూర్ఖత్వం నాకు లేదు. రివార్డ్ పెట్టే చోటులో ఉంది అంతా. గిల్డ్ వార్స్ 2 లోనే దీనికి మంచి ఉదాహరణ కూడా ఉంది, 2012లో వచ్చినప్పటి నుంచీ. అక్కడ గనిలో ఖనిజం నువ్వు తవ్వుకుంటే పక్కవాడికి తరగదు, అతని వంతు అతనికి ఉంటుంది. రాక్షసుడిని నలుగురు కొడితే నలుగురికీ దక్కుతుంది. పడిపోయినవాణ్ని ఏ క్లాస్ (పాత్ర రకం) వాడైనా లేపొచ్చు. ఎదురుగా ఎవరో కనిపిస్తే "అయ్యో, నా ఖనిజం తవ్వేస్తాడు" అనిపించదు, "హమ్మయ్య" అనిపిస్తుంది. కలిసి ఆడమని అక్కడ ఎవరూ లంచం ఇవ్వడం లేదు. కలిసి ఆడితే నష్టం లేకుండా చేశారంతే.

ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆటలో ఇంకో చిన్న ఏర్పాటు. డంజన్ అయ్యాక ఒక్కరికి ఒక మెచ్చుకోలు ఇవ్వొచ్చు. నీతో పాటు జట్టుగా వచ్చిన స్నేహితులకి ఇవ్వడానికి లేదు, అపరిచితులకే. అందుకని "నువ్వు నాకియ్యి, నేను నీకిస్తా" బేరాలు తక్కువ. వందల కొద్దీ పోగైతే ఏవో అలంకారాలు వస్తాయి, కానీ వాటి కోసం ఆడేంత పెద్దవి కావు. ఆ చిన్నతనమే దాని బలం. విలువ పెరిగిన రోజు దానికీ ఒక మార్కెట్ వస్తుంది.

సరే, వినడం ఎలా మరి? సర్వేలు వద్దు, ఓట్లు పెట్టమంటారు కొందరు. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆట 2013 నుంచీ ఆ పని చేస్తోంది. కొత్త మార్పుల్లో చాలా వాటికి ఆటగాళ్లు ఓటు వేయాలి. చాలా ఏళ్లు 75 శాతం దాటితేనే ఒప్పుకునేవాళ్లు, తర్వాత 70కి దించారు. ఆట మీద నమ్మకం నిలబెట్టిన గొప్ప పద్ధతి, కాదనను. కానీ అక్కడా ఒక మెలిక ఉంది. తోటి ఆటగాళ్లతో పోరాడేవాళ్ల కోసం ఏదైనా రివార్డ్ ప్రతిపాదిస్తే, పోరాటాల జోలికి పోనివాళ్లు వద్దని కొట్టేసిన సందర్భాలున్నాయి. తమకి అక్కర్లేనిది ఇంకొకరికి దక్కడం ఎందుకన్నట్టు. ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఆట నడిపేవాళ్లు 2008 నుంచీ ఆటగాళ్ల ప్రతినిధుల మండలిని ఎన్నికల ద్వారా నడుపుతున్నారు. అలాంటి ఆటలోనే 2011లో సుమారు 60 డాలర్ల విలువైన, పాత్ర ముఖానికి పెట్టుకునే ఒంటికంటి అద్దం అమ్మకానికి పెట్టేసరికి జనం ఆటలోని జీటా అనే వ్యాపార కేంద్రంలో పోగై అక్కడి విగ్రహాన్ని ఓడలతో కాల్చడం మొదలుపెట్టారు. మండలి సభ్యులని హుటాహుటిన కంపెనీ ఉన్న ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌కి పిలిపించి మాట్లాడాల్సి వచ్చింది. మండలి ఉన్నంత మాత్రాన విన్నట్టు కాదు గానీ, మంటలు లేచినప్పుడు ఎవరితో మాట్లాడాలో తెలియడం కూడా తక్కువేం కాదు.

నా మట్టుకు నాకు నోటితో చెప్పేదానికంటే కాళ్లు చెప్పేదాని మీదే గురి. 2014లో డెస్టినీ అనే కాల్పుల ఆట వచ్చిన కొత్తలో ఆటగాళ్లు ఒక గుహ కనిపెట్టారు. అందులోంచి శత్రువులు ఆగకుండా పుడుతుంటారు, దూరం నుంచి కాలుస్తూ నిలబడితే చాలు, లూట్ వచ్చి పడుతుంటుంది. జనం వరసగా నిలబడి గంటల తరబడి ఒక నల్లటి కన్నంలోకి కాల్చారు. కొన్ని వారాల్లో కంపెనీ ఆ గుహ మూసేసింది. ఆట మిగతా భాగాలు రివార్డ్ ఇచ్చే తీరు మీద అంతకంటే ఘాటైన సమీక్ష ఎవరూ రాయలేదు. నాకు ఆసక్తిగా అనిపించింది ఇంకోటుంది. ఎవరైనా గుహకి మరీ దగ్గరగా వెళ్తే శత్రువులు పుట్టడం ఆగిపోయేది. అందుకని అక్కడికి చేరిన అపరిచితులు ఒక గీత దాటకుండా నిలబడటం నేర్చుకున్నారు. లూట్ ఏరుకోవడానికి అందరూ ఒకేసారి లోపలికి పరిగెత్తి, మళ్లీ ఒకేసారి వెనక్కి వచ్చేవాళ్లు. గిల్డ్ లేదు, నాయకుడు లేడు, హాజరు పట్టీ లేదు. ఒకరి మీద ఒకరికి చిన్న ఆధారం ఏర్పడింది, అదే చాలింది.

నా వాదనలో పెద్ద కన్నం ఒకటుందని నాకు తెలుసు. ఒకరి మీద ఒకరు ఆధారపడేలా ఆట ఉండాలంటే, వారానికి మూడు రాత్రులు నాలుగేసి గంటలు ఖాళీ ఉన్నవాళ్లకే అది కుదురుతుంది. పసిపిల్లలున్నవాళ్లు, రాత్రి డ్యూటీలవాళ్లు ఏం కావాలి? 2011లో వార్‌క్రాఫ్ట్‌లో గిల్డ్ లేకపోయినా ఒక బటన్ నొక్కి రెయిడ్‌కి వెళ్లే ఏర్పాటు వచ్చినప్పుడు నాలాంటివాళ్లు గిల్డ్‌ల చావుకొచ్చిందని గోల పెట్టారు. కానీ అప్పటిదాకా ఆ కథ ముగింపు కళ్లారా చూడలేని ఎంతోమందికి అది తలుపు తెరిచింది. అంతకుముందే, 2006లో, ఆ ఆట మీద పరిశోధన చేసినవాళ్లు ఒక సంగతి తేల్చారు: చాలామంది ఆటలో ఎక్కువ సమయం ఒంటరిగానే గడుపుతారు. పక్కన జనం ఉంటే చాలు, వాళ్లతో కలవాలని లేదు. రైలుపెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నవాడిలా. అలాంటివాళ్లని గిల్డ్‌లోకి నెట్టడానికి రివార్డ్ పెడితే వాళ్లూ సుఖపడరు, గిల్డూ సుఖపడదు. వాళ్లని వాళ్ల కిటికీ దగ్గర వదిలేయండి.

గిల్డ్‌లో ఉండాలని వచ్చినవాళ్లకి మాత్రం ఇంకో గుర్రం ఇవ్వక్కర్లేదు. పడిన విల్లు ఎవరికి ఇవ్వాలో మమ్మల్ని తేల్చుకోనివ్వండి, మేం తేల్చుకోలేమనుకుంటే పాచిక మీట మా చేతికివ్వండి. డ్యామేజ్ చార్ట్‌లో కనిపించని పని చేసినవాణ్ని చూపించే ఒక గడి ఉంటే మరీ మంచిది, లేకపోతే మేమే షీట్‌లో పెట్టుకుంటాం. వారం రాకపోతే ఎవరికీ ఏదీ పోకూడదు. ఇంకా అడగమంటే అడుగుతాను గానీ, ఈ మూడింటికే ఎన్నేళ్లు పడుతుందో.

కిందటి నెల మళ్లీ సర్వే వచ్చింది. అదే ప్రశ్న, అవే అయిదు నక్షత్రాలు, అదే పెట్టె. ఈసారి సరిగ్గా చెబుదామని కూర్చున్నాను. మా హంటర్ గురించి మొదలుపెట్టాను. గది చుట్టూ ఎలా పరిగెత్తేవాడో, చార్ట్‌లో అతని పేరు ఎక్కడుండేదో రాసి, విల్లు సంగతికి వచ్చాను. "ఆ రాత్రి విల్లు పడింది, అది అత" దగ్గర పెట్టె నిండిపోయింది. ఇంకో అక్షరం పట్టలేదు. ఎక్కడ కుదించాలా అని రెండు మూడుసార్లు చూశాను. మొత్తం చెరిపేసి, "పర్లేదు" అని కొట్టి, మూడు నక్షత్రాలు నొక్కాను.